కారు వదిలి కదలొద్దు

ఒరేయ్ శ్రీకాంత్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనల్లుడు ఎడారిలో కారు తోలుకుంటూ పోతాడంట, నువ్వన్నా చెప్పు" అని ఒకటే గోల. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్, పోర్ట్ అగస్టా, కూబర్ పెడీ మీదుగా ఉలూరు కొండ చూసి, వచ్చేటప్పుడు మార్లా దగ్గర తారురోడ్డు దిగి ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టిరోడ్డు మీద మారీ దాకా వస్తారట కదా. "వాడేమన్నా చిన్నపిల్లోడా వదినా, అన్నీ చూసుకునే పోతాడులే" అని ఆమెకు సర్దిచెప్పి పెట్టేశాను. ఆ తర్వాత నాకు నిద్ర పడితే ఒట్టు. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు సైకిల్ నేర్చుకుంటూ మురిక్కాలవలో పడి, లేచి, ఎవరూ చూళ్ళేదు కదా అని అటూ ఇటూ చూసినవాడివి. ఇప్పుడు ముగ్గురిని కూర్చోబెట్టుకుని ఊడ్నడాటా పోతానంటున్నావు. సంతోషంగానే ఉందిరా. భయం కూడా ఉంది.

జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో వెళ్తున్నావన్న ఒక్క మాటకి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. డిసెంబరు సెలవుల్లో అని ఉంటే ఈ ఉత్తరం బదులు నేనే మెల్‌బోర్న్ వచ్చి కారు తాళాలు దాచేసేదాన్ని.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. కారు సర్వీసు చేయించు. రెండు గంటలకోసారి ఆగి డ్రైవరు మారండి. బంకు కనిపించిన చోటల్లా ట్యాంకు నింపు. గ్లెండాంబో దాటాక కూబర్ పెడీ దాకా సుమారు 250 కి.మీ., మధ్యలో ఏమీ లేదు. పొద్దు గూకే వేళ, రాత్రి, తెల్లవారుజామున బండి తియ్యొద్దు. కంగారూలు, ఈమూలు, కంచె లేని చోట ఆవులు అప్పుడే రోడ్డెక్కుతాయి. కంగారూ అడ్డం వస్తే బ్రేకు మీద కాలు వెయ్యి, స్టీరింగు మాత్రం పక్కకి తిప్పొద్దు. రోడ్ ట్రెయిన్లని ట్రైలర్లు వరసగా కట్టిన లారీలు, కొన్ని 53 మీటర్ల పైన పొడవుంటాయి, వాటిని దాటాలంటే ముందు కిలోమీటరుకు పైగా ఖాళీ రోడ్డు కనపడాలి. కనపడకపోతే దాని వెనకాలే పో, కొంప మునగదు. విక్టోరియా నుంచి పళ్ళు తీసుకుని సౌత్ ఆస్ట్రేలియా బార్డర్ దాటొద్దు, ఫ్రూట్ ఫ్లై అని పళ్ళు పాడుచేసే ఈగ గొడవ. కర్టిన్ స్ప్రింగ్స్ దగ్గర ఎడం చేతి పక్క పెద్ద బల్లపరుపు కొండ కనిపిస్తుంది. అందరూ ఉలూరు వచ్చేసిందని దిగి ఫోటోలు తీసుకుంటారు. అది మౌంట్ కానర్. మేమూ తీసుకున్నాంలే.

ఇక అసలు సంగతి. మన ఊళ్ళల్లో బండి ఆగిపోతే ఏం చేస్తాం? దిగి నడుస్తాం. రెండు మైళ్ళు పోతే ఏదో ఒక ఊరొస్తుంది, లేకపోతే ఆటోనో ట్రాక్టరో ఎదురొస్తుంది, ఎవడో ఒకడు "ఏమైందన్నా" అని ఆపుతాడు. ఇది మన కాళ్ళల్లోనే ఉంటుంది, ఆలోచించే పని లేదు. అక్కడ మనిషిని చంపేది ఆ అలవాటే. నేను కూబర్ పెడీ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నప్పుడు మీ మామయ్య చేసిన ఘనకార్యం మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆయన పక్క గదిలో క్రికెట్ చూస్తున్నాడు. రాస్తున్నానని తెలుసు, "వాడికెందుకే అవన్నీ" అని ఇప్పటికి రెండుసార్లు అరిచాడు.

1990ల్లో సంగతి, మా దగ్గర ఇంకా మొబైల్ ఫోన్లు లేవు. మామయ్య అక్కడి బడిలో లెక్కలు చెప్పేవాడు. నవంబరులో ఒక శనివారం పొద్దున, సైన్సు చెప్పే ఇంకొకాయనతో కలిసి విలియం క్రీక్ బయల్దేరాడు. కూబర్ పెడీ నుంచి 160 కి.మీ. పైచిలుకు మట్టిరోడ్డు. సగం దారి దాటాక ఒక టైరు పోయింది, మార్చారు. ఇంకో అరగంటకి రెండోది పోయింది. స్పేర్ ఒకటే. కారులో ఐదు లీటర్ల నీళ్ళ క్యాను, రెండు బాటిళ్ళు ఉన్నాయి. మామూలుగా అయితే కారు నీడలో కూర్చుంటే సరిపోయేది. కానీ మీ మామయ్య సంగతి నీకు తెలుసుగా, పెళ్ళిళ్ళలో కూడా బఫే లైన్లో నిలబడలేడు. వచ్చే దారిలో పశువుల స్టేషన్, అంటే పెద్ద పశువుల ఫారం, గేటు ఒకటి చూశాడట. "పది కిలోమీటర్లే ఉంటుంది, రెండు గంటల్లో పోయి మనిషిని తీసుకొస్తా" అన్నాడు. ఆ సైన్సాయన వద్దన్నాడట. "కడప ఎండలో పెరిగినోణ్ణి, ఈ ఎండ నాకొక లెక్కా" అని ఈయన జవాబు. టోపీ పెట్టుకుని, లీటరున్నర బాటిల్ ఒకటి చేత్తో పట్టుకుని పోయాడు. అప్పుడు టైము పదకొండు. ఎండ 44.

ఒంటి గంటకల్లా ఆ స్టేషన్‌లో పనిచేసే కుర్రాడే యూట్ (చిన్న ట్రక్కు) వేసుకుని కారు దగ్గరికి వచ్చాడు. విన్నావా? రెండు గంటలు. కూర్చుని ఉంటే రెండు గంటల్లో పని అయిపోయేది. పైగా ఆ కుర్రాడు గేటు వైపు నుంచే వచ్చాడు, దారిలో మనిషి కనపడలేదు. ఎందుకు కనపడలేదంటే, ఈయనకి దూరంగా గాలిమర ఒకటి కనిపించిందట. గాలిమర ఉంటే నీళ్ళుంటాయని రోడ్డు వదిలి అడ్డంగా నడిచాడు. ఆ చదునులో దూరం తెలియదురా. అరగంట దూరమనిపించేది మూడు గంటలైనా రాదు. అడుగుల జాడ పట్టుకుని వెతికితే నాలుగు దాటాక దొరికాడు, జానెడు నీడ కూడా లేని ఒక మల్గా చెట్టు కింద. చొక్కా విప్పేశాడు. వడదెబ్బ తలకెక్కితే మనిషికి తెలివి ఉండదు, బట్టలు విప్పేస్తారు. కానీ ఈయన విప్పిన చొక్కాని నీటుగా మడతపెట్టి పక్కన పెట్టాడు. మడత మీద బాటిల్ నిలబెట్టాడు. బాటిల్లో సగం నీళ్ళు అలానే ఉన్నాయి.

పొదుపు చేశాడట. ముందు ముందు కావాల్సొస్తుందని. నాకు ఈ రోజుకీ ఆ సగం బాటిల్ మీదే కోపం. నీళ్ళు కడుపులో ఉండాలి గానీ బాటిల్లో కాదు. దాహమైతే తాగు, దాచొద్దు. తగ్గించాల్సింది చెమట. పగలు కదలకుండా నీడలో పడుకుంటే అదే సగం ప్రాణం కాపాడుతుంది.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేనే. ఒళ్ళు పెనం మీద పెట్టినట్టు కాలుతోంది, చుక్క చెమట లేదు, పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. సూది గుచ్చబోతే కళ్ళు తెరిచి నన్ను చూసి ఇంగ్లీషులో, "సిస్టర్, మా ఆవిడకి మాత్రం చెప్పకండి" అన్నాడు. నేనెవరో తెలియలేదు. ఆ పూట చేతులు వాటంతటవే పనిచేశాయి. రాత్రికి ఫ్లయింగ్ డాక్టర్ విమానంలో అడిలైడ్ పంపించాం, కిడ్నీలు కుదుటపడటానికి రోజులు పట్టింది. ఇప్పుడు ఇంట్లో ఇది మాకు జోకు. కూర మాడితే నేను కూడా "మా ఆయనకి చెప్పకండి" అంటూ ఉంటాను. అప్పుడు మాత్రం జోకు కాదు.

మామయ్య అదృష్టవంతుడు. 1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ దగ్గర ఐదుగురున్న ఒక కుటుంబం, ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, పెట్రోలు అయిపోయి కారు వదిలి నడిచారు. ఐదుగురూ పోయారు. పైనుంచి విమానంలో వెతికేవాళ్ళకి కారు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఆ ఒక్కటి బుర్రలో పెట్టుకో.

కాబట్టి బండి ఆగిందంటే, నలుగురూ కారు దగ్గరే. బానెట్ ఎత్తిపెట్టు. దుప్పటి కట్టి నీడ చెయ్యి. పగలు కారు లోపల కూర్చోవద్దు, ఉడికిపోతారు. ఎండకి ఆ కారు నీడ, జూలై రాత్రి చలికి ఆ కారు లోపల, అదే మీ ఇల్లు. జూలై అని దుప్పట్లు మర్చిపోకండి, రాత్రుళ్ళు సున్నా దాకా పోతుంది. ఎవరికైనా కనపడాలంటే పాడైన టైరు కాల్చు, నల్ల పొగ చాలా దూరం కనిపిస్తుంది. కారుకి, ఎండుగడ్డికి దూరంగా కాల్చు, మళ్ళీ అదో కథ అవుతుంది. "నేనొక్కణ్ణి అలా పోయి చూసొస్తా" అని నీ ఫ్రెండ్ అన్నాడంటే నా పేరు చెప్పి తిట్టు. అలాంటివాళ్ళు ప్రతి కారులో ఒకడుంటాడు. మన ఇంట్లో అయితే ఒకడికి మించే ఉంటారు.

నీళ్ళు మనిషికి రోజుకి 10 లీటర్లు లెక్క వేసుకో. మీరు నలుగురు, రోజుకి 40. ట్రాక్ ఎక్కే ముందు 80 లీటర్లకి తగ్గకుండా, 20 లీటర్ల క్యాన్లలో విడివిడిగా పెట్టు. ఒకే ట్యాంకు అయితే రాయి తగిలి కారిందంటే అన్నీ పోతాయి. కోకులు, బీర్లు నీళ్ళ లెక్కలోకి రావు, చెప్పలేదంటావేమో. పులిహోర కలుపుకుని పొండి, ఒక పూటకి చెడిపోదు. మీ ఆవిడకి నిమ్మకాయ ఊరగాయ ఇష్టం కదా, నా దగ్గర కొత్తది ఉంది, అడిలైడ్‌లో ఆగినప్పుడు ఇస్తాను.

ట్రాక్ మార్లా నుంచి మారీ దాకా 600 కి.మీ. పైచిలుకు. మధ్యలో ఊడ్నడాటా, విలియం క్రీక్, అంతే. ముందు అద్దె కారు కాగితం చదువు. చాలా కంపెనీలు మట్టిరోడ్డు మీదికి ఒప్పుకోవు, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే. ఒప్పుకోకపోతే ఇన్సూరెన్సు చెల్లదు. ట్రాక్ ఎక్కగానే టైర్లలో గాలి కాస్త తగ్గించు, స్పీడు కూడా తగ్గించు. 110లో పోయి అలవాటైన కాలు మట్టి మీద కూడా 110 అంటుంది. బుల్‌డస్ట్ అని విభూదిలా మెత్తటి దుమ్ము గుంతల్ని కప్పేసి ఉంటుంది, పైకి చదునుగా కనిపిస్తుంది, కింద మోకాలి లోతు. ఒక చెక్క పలక పెట్టుకో. ఇసుకలో జాకీ పెడితే కారు లేవదు, జాకీ దిగిపోతుంది; పలక మీద పెట్టాలి. మీ ఇంటి ముందే ఒకసారి టైరు విప్పి బిగించి చూడు. షాపులో మెషీన్‌తో బిగించిన నట్లు చేతి స్పానర్‌కి కదలవు, ఆ సంగతి ఇంటి దగ్గరే తెలియాలి. మీ ఆవిడతో కూడా విప్పించు. నవ్వకు. నీ చెయ్యి విరిగితే టైరు మార్చేది ఎవరు?

వాన పడితే ఆగిపో. ట్రాక్ మూసేశారని బోర్డు ఉంటే అది నీకు కూడా. అంత దూరం పోయి వెనక్కి తిరగాలంటే మనకి మొహమాటం, ఫ్రెండ్ భార్య ఏమనుకుంటుందో అని. పైగా సోమవారం ఆఫీసు. ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టు, చాలు. వాగు ఎండిపోయి ఇసుక బాగుంది కదా అని అందులో టెంటు వెయ్యొద్దు. వాన ఎక్కడో పడుతుంది, నీళ్ళు ఇక్కడికి వస్తాయి. కాటి తండా లేక్ ఎయిర్ అనే ఉప్పు సరస్సు చూస్తారు కదా, ఆ ఉప్పు పెంకు గట్టిగా కనిపిస్తుంది, కింద బురద. కారు దించొద్దు.

ఫోన్ విషయం. టెల్‌స్ట్రా సిమ్ ఉన్నా ఊళ్ళు దాటితే చాలాచోట్ల కాల్ కలవదు. యూహెచ్ఎఫ్ రేడియో, అదే కారులోంచి మాట్లాడుకునే వైర్‌లెస్, ఒకటి తీసుకో, 40వ ఛానెల్లో లారీలవాళ్ళు ఉంటారు. చిన్న ఊళ్ళల్లో పబ్లిక్ ఫోన్ కనిపిస్తే ఆగి నాకు చెయ్యి. దేశంలో ఎక్కడికైనా వాటి నుంచి 2021 నుంచి ఫ్రీ, కాబట్టి డబ్బుల్లేవన్న సాకు చెల్లదు. మా బీకన్, అదే ఆపదలో నొక్కే చిన్న పరికరం, పార్శిల్ చేశాను, బుధవారానికి నీకు అందుతుంది. ఆన్‌లైన్‌లో దాని రిజిస్ట్రేషన్ తెరిచి మీ నలుగురి పేర్లు, కారు నంబరు, దారి అన్నీ ఎక్కించు. యాంటెన్నా విప్పి నొక్కితే చాలు, ఉపగ్రహానికి కబురు పోతుంది, కనీసం 24 గంటలు కూత పెడుతూనే ఉంటుంది. డిక్కీలో సామాన్ల కింద వెయ్యొద్దు, డ్రైవరు చేతికి అందేలా పెట్టు. టైరు పంక్చరైందని నొక్కొద్దు. ప్రాణం మీదికి వచ్చిందంటే మాత్రం మొహమాటపడకుండా నొక్కు, ఎవరూ తిట్టరు. తిడితే నాకు చెప్పు.

ఏ రోజు ఏ ఊర్లో ఉంటారో, ఎన్నింటికి ఫోన్ చేస్తావో కాగితం మీద రాసి ఫోటో పంపు. ఫోన్ రాకపోతే ఎన్ని గంటలు చూసి పోలీసులకి చెప్పాలో కూడా ఇప్పుడే అనుకుందాం. ఆలస్యమైనా పర్లేదు, చెప్పకుండా దారి మార్చొద్దు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.

అద్దె కారువాళ్ళు రెండో స్పేర్ ఇస్తారో లేదో కనుక్కో. ఇవ్వం అన్నారంటే మామయ్య దగ్గర షెడ్డులో ఒకటి ఉంది, ఆ రోజు తర్వాత ఆయన స్పేర్ టైర్లు పోగేస్తూనే ఉన్నాడు. సైజు కుదరాలి కాబట్టి కారు టైరు పక్కన ఉండే నంబరు ఫోటో తీసి రేపటికల్లా పంపు.

మీ అత్త