అత్తగారూ, టెంటూ, ఎలుగుబంటీ

ఎండలు ముదిరేకొద్దీ ఈ శీర్షికకు వీసాల ప్రశ్నలు తగ్గి టెంట్ల ప్రశ్నలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవన్నీ దాదాపు అమెరికాలో టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు గురించే. కాబట్టి ఈ సంచికలో ఊళ్ల సంగతులు పక్కనపెట్టి అడవిలోకే వెళ్దాం.

ప్రశ్న: మే చివర్లో మా అత్తగారు, మామగారు కాకినాడ నుంచి వస్తున్నారు. మావారు స్మోకీల్లో కాస్బీ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులకు సైటు, అంటే టెంటు వేసుకునే చోటు, బుక్ చేసేశారు. పార్కు పక్క ఊరు గ్యాట్లిన్‌బర్గ్‌లో క్యాబిన్ తీసుకుందామంటే వినరు. వాగు పక్కన పడుకుంటే అమ్మానాన్నల జన్మ ధన్యమైపోతుందట. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మామగారు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. ఇద్దరికీ పెరుగన్నం పడందే నిద్ర రాదు. వీటన్నిటికీ తోడు ఎలుగుబంట్లు! ఈ టెన్షన్‌తో నాకిప్పటినుంచే నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? – ఒక కోడలు, షార్లెట్

జవాబు: అమ్మాయ్, ముందు ఒక మంచిమాట. మీవారు అడగకుండా బుక్ చేయడం తప్పే గానీ, చేసిన చోటు మాత్రం బంగారం లాంటిది. స్మోకీలంటే అందరూ పార్కులోని కేడ్స్ కోవ్ లోయకి, గ్యాట్లిన్‌బర్గ్‌కి ఎగబడతారు. కాస్బీ పార్కుకి ఈశాన్యం మూలన, టెన్నెసీ వైపు, 2,460 అడుగుల ఎత్తులో ఉంటుంది. అటు వచ్చేవాళ్లు తక్కువ. పక్కనే కాస్బీ క్రీక్, గుండ్రాళ్ల మీద దూకుతూ పోయే కొండవాగు. వాగు అంటే మనకు ఎండాకాలంలో ఇసుకే కదా, ఇది అలా కాదు. మే నెలలో కూడా పాదం పెడితే జివ్వుమంటుంది.

ఇప్పుడు చేదు మాటలు. అక్కడ కరెంటు ఉండదు. స్నానాల గది ఉండదు. ఫ్లష్ ఉన్న టాయిలెట్లు, చన్నీళ్ల కుళాయి, మీ సైటులో ఒక బల్ల, నిప్పు వేసుకునే ఇనుప చట్రం, అంతే. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ సంగతులన్నీ అత్తగారికి విమానం ఎక్కకముందే చెప్పండి, అదీ మీవారి చేత చెప్పించండి. ఎవరు బుక్ చేశారో వాళ్లే చెప్పడం న్యాయం.

వాగు పక్క సైటు మీద మోజు వదులుకోండి. పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు చూడాల్సింది టాయిలెట్ ఎంత దూరమన్నది. ఇప్పుడున్న సైటు దూరమైతే మార్చుకోండి. వాగు హోరు ఎలాగూ ఆ చుట్టుపక్కల అంతా వినిపిస్తుంది. మామగారికి తలకు పెట్టుకునే లైటు కొనివ్వండి, సెల్‌ఫోన్ లైటు పనికిరాదు. చెట్ల వేళ్లు తగిలి పడకుండా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. హవాయి చెప్పులు టెంటు బయటికి రానివ్వకండి.

మోకాళ్ల విషయానికొస్తే, నేల మీద పడక అనగానే మీరు బెంగపడుతున్నట్టున్నారు. నొప్పి పడుకోవడంలో ఉండదు, లేవడంలో ఉంటుంది. కుర్చీ ఎత్తున ఉండే మడత మంచాలు దొరుకుతాయి, రెండు తీసుకోండి. నిలబడి చీర కట్టుకోగలిగినంత ఎత్తున్న టెంటు అడగండి. కాకినాడ మే నెల లెక్కలు అక్కడ చెల్లవు. తెల్లవారుజామున 10 డిగ్రీల సెల్సియస్‌కి దిగినా ఆశ్చర్యం లేదు. రగ్గు ఎంత మందం ఉన్నా మంచం కింద నుంచి చలి కొడుతుంది, కాబట్టి పైన కప్పేదొకటైతే కింద పరిచేవి రెండు ఉండాలి. స్వెటర్, మంకీ క్యాప్ పెట్టుకోమంటే మామగారు మొహమాటపడరు, చూడండి.

టెంటు వేసేముందు తలెత్తి పైకి చూడండి. స్మోకీల్లో హెమ్లాక్ అనే పెద్ద చెట్లు ఆసియా నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు దెబ్బకు వేలాదిగా ఎండిపోయాయి. ఎండుకొమ్మ కింద టెంటు వేయకూడదు.

వంట. ఇక్కడే మనవాళ్ల క్యాంపులు చెడిపోతాయి. చెట్టు కింద కుక్కర్ విజిల్, మూడు కూరలు, పచ్చళ్ల సీసాలు, చివరికి ఇంటి కోడలు వాగువైపు కూడా చూడకుండా గిన్నెలు తోముతూ సాయంత్రం గడిపేస్తుంది. మీరు ఆ ఉచ్చులో పడొద్దు. రవ్వను ఇంట్లోనే నెయ్యిలో దోరగా వేయించి, అందులోనే ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, కరివేపాకు పోపు కలిపి, ఉప్పు కూడా వేసి జిప్ సంచిలో పోసుకోండి. అక్కడ నీళ్లు మరిగించి పోసి మూతపెడితే ఉప్మా. మొదటిరోజుకి పులిహోర. రాత్రికి చిన్న గిన్నెలో అన్నం వండి, మెత్తగా నలిపి, కూలర్‌లోంచి పెరుగు తీసి కలిపేయండి. అల్లం, పచ్చిమిర్చి ఇంట్లోనే తరిగి పెట్టుకోండి. రెండు రోజులకు ఇంతకన్నా అక్కర్లేదు.

ఎలుగుబంటి భయం ఎందుకో నాకు తెలుసు. మన ఎలుగు ఎదురుపడితే మీదపడి రక్కేస్తుంది. శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో దాని దాడుల గురించి పేపర్లలో చదువుతూనే ఉంటాం. స్మోకీల్లో ఉండేది నల్ల ఎలుగు, వేరే జాతి. పార్కు మొత్తంలో 1,900 దాకా ఉన్నాయని అంచనా. దానికి మామూలుగా మనిషి మీద కంటే మనిషి తిండి మీదే ధ్యాస ఎక్కువ. ఒకసారి మన తిండి మరిగిందంటే మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాని ప్రాణానికే ముప్పు. అందుకే అక్కడ రూలు కఠినం. తింటున్నప్పుడు, వండుతున్నప్పుడు తప్ప తిండి, కూలర్, స్టవ్, గిన్నెలు, చెత్త, సబ్బు, టూత్‌పేస్టు అన్నీ కారులో పెట్టి, అద్దాలెత్తి తాళం వేయాలి. పగలైనా, రాత్రయినా.

మనవాళ్లకి చిక్కు వచ్చేది "తిండి" అనిపించని వాటితో. అత్తగారి తలగడ కింద వక్కపొడి డబ్బా ఉంటుంది. చేతిసంచిలో కొబ్బరినూనె, మోకాళ్లకు రాసుకునే బామ్. ఎందుకైనా మంచిదని దాచిన బెల్లం ముక్క. మామగారి జేబులో యాలకులు. పడుకోబోయే ముందు ఒక గుడ్డసంచి పట్టుకుని ఇద్దరి దగ్గరా ఇవన్నీ వసూలు చేసి కారులో పెట్టే పని మీ పిల్లలకు అప్పగించండి. మీరు అడిగితే విచారణలా ఉంటుంది, మనవడు అడిగితే ఆటలా ఉంటుంది. ఆఖర్న బల్ల మీద రాలిన మెతుకులు కూడా తుడిచేయాలి.

ఎలుగు కనిపిస్తే పరుగెత్తొద్దు. 50 గజాల లోపుకి వెళ్లడం అక్కడ చట్టరీత్యా నేరం, సెల్ఫీల సరదా ఉన్నవాళ్లకి ఈ మాట చెవిలో వేయండి. దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. అయినా అదే దగ్గరికొస్తే అందరూ ఒకచోట చేరి, కదలకుండా నిలబడి గట్టిగా అరవాలి.

ఇంత చెప్పినా, రెండో రాత్రికి గ్యాట్లిన్‌బర్గ్‌లో రద్దు చేసుకోగలిగే గది ఒకటి బుక్ చేసి ఉంచుకోండి. మీవారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. దారి సంగతి: 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫానుకి పిజన్ నది ఒడ్డున ఐ-40 హైవే కొట్టుకుపోయింది. 2025 మార్చిలో ఒక్కోవైపు ఒక్క లేన్‌తో తెరిచారు. బయల్దేరే రోజు ఉదయం రోడ్డు పరిస్థితి చూసుకోండి.

ప్రశ్న: మేం ఎనిమిదిమంది స్టూడెంట్లం. ఒక సైటు తీసుకుని, కట్టెల మీద దమ్ బిర్యానీ, బ్లూటూత్ స్పీకర్‌తో నైటంతా ఎంజాయ్ చేద్దామని ప్లాన్. కట్టెలు మా ఇంటి వెనక బోలెడున్నాయి. ఇంకేం తీసుకెళ్లాలి? – నాక్స్‌విల్ గ్యాంగ్

జవాబు: బాబూ, ఇంకో సైటు తీసుకెళ్లాలి. ఒక్క సైటుకి ఆరుగురే. కట్టెలు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. చెట్లను చంపే పురుగులు కట్టెల్లో దాక్కుని ఊళ్లు మారతాయని 2015 నుంచి బయటి కట్టెలు పార్కులోకి రానివ్వడం లేదు. వేడితో శుద్ధి చేసి ముద్ర వేసిన కట్టెలు దారిలో అమ్ముతారు. లేదంటే పార్కులోనే రాలిపడిన ఎండుపుల్లలు ఏరుకోవచ్చు, అది అనుమతే. వాటితో దమ్ బిర్యానీ అంటే మీ ఓపిక.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. అది ఊరికే బోర్డు మీద రాసిన మాట అనుకోకండి. పార్కు కాపలా చూసే రేంజర్ వస్తాడు. వచ్చేలోపు పక్క టెంటులోని పెద్దాయన వస్తాడు. స్పీకర్ మానేసి గిటారు తెచ్చుకున్నా పదింటికి మూసెయ్యాల్సిందే. నన్నడిగితే అసలు ఆ స్పీకరే వద్దు. మీ పాటలు నాక్స్‌విల్‌లో ఎప్పుడైనా వినొచ్చు. బిర్యానీ గిన్నె కడిగిన జిడ్డునీళ్లు నేల మీద గానీ వాగులో గానీ పారబోయకూడదు. టాయిలెట్ల దగ్గర గిన్నెల నీళ్లకని వేరే సింకు ఉంటుంది. అక్కడిదాకా మోసేదెవరో వంటకి ముందే తేల్చుకోండి.

ప్రశ్న: మా పిల్లలు వాగులో రాళ్లు పేర్చి చిన్న ఆనకట్ట కడుతుంటే రేంజర్ వచ్చి ఆపేశారు, రాళ్లన్నీ తీసిన చోటే పెట్టించారు. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. రాళ్లకి కూడా రూల్సా? – ఒక తండ్రి, అట్లాంటా

జవాబు: రాళ్లకి కాదండీ, వాటి కింద కాపురం ఉన్నవాళ్లకి. స్మోకీల్లో 30 రకాల సాలమాండర్లు ఉన్నాయి. చూడ్డానికి బల్లిలా ఉంటాయి గానీ కప్పల చుట్టాలు. ప్రపంచంలో ఇన్ని రకాలు ఒకేచోట దొరకడం అరుదు. వాటిలో పెద్దది హెల్‌బెండర్. రెండడుగులు దాటి పెరుగుతుంది, మట్టిరంగు, వెడల్పు తల, ఒంటి పక్కల ముడతలు ముడతలుగా వేలాడే చర్మం. ఊపిరి ముఖ్యంగా ఆ చర్మంతోనే. అందుకే దానికి చల్లగా, శుభ్రంగా, వేగంగా పారే నీళ్లే కావాలి. పగలంతా పెద్ద పలకరాయి కింద దాక్కుంటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. మీ పిల్లలు తీసిన రాయి దాని ఇంటి పైకప్పు అయ్యుండొచ్చు. చిన్న సాలమాండర్లు, చేపలు, నీటిపురుగులు కూడా ఆ రాళ్లనే నమ్ముకున్నాయి. ఆనకట్టతో నీటి దారి మళ్లితే కిందివైపు గుడ్లు ఎండిపోతాయి.

పిల్లలకి ఇది ఇలాగే చెప్పండి, చిన్నబుచ్చుకోరు. వాళ్ల చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి, రాయి కదపకుండా వాగులో ఎన్ని రకాల ప్రాణులు కనిపిస్తాయో బొమ్మలు గీయమనండి. ఒక్క జాగ్రత్త. కొండ మీద వాన పడితే మీ దగ్గర ఎండ కాస్తున్నా వాగు ఉన్నట్టుండి పొంగుతుంది, పైగా పాచిరాళ్లు జర్రున జారతాయి. ఆ పార్కులో జరిగే చావుల్లో నీళ్లలో పడి మునిగినవి తక్కువేం కాదు. పెద్దవాళ్లెవరో ఒకరు ఒడ్డునే ఉండాలి.

ప్రశ్న: మారేడుమిల్లి అడవుల్లో వాగునీళ్లు దోసిట్లో పట్టుకుని తాగిన వాణ్ణి. స్మోకీల్లో అద్దంలాంటి వాగునీళ్లు తాగబోతే మావాడు చెయ్యి పట్టి లాగేశాడు. వాడిది చాదస్తం కాదా? – రాజమండ్రి నుంచి వచ్చిన ఒక తండ్రి

జవాబు: పెద్దవారు, నమస్కారం. ఈసారికి అబ్బాయిదే గెలుపు. నీళ్లు అద్దంలా ఉన్నా అందులో జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, కంటికి కనిపించదు. తాగిన వెంటనే ఏమీ కాదు. వారం, రెండు వారాలు పోయాక విరేచనాలు, కడుపుబ్బరం మొదలవుతాయి. అంటే మీరు రాజమండ్రిలో దిగాక మీ డాక్టరుగారు ఎక్కడి నీళ్లు తాగారని అడుగుతారు, మీకు గుర్తుకూడా రాదు. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉంది, అవి తాగండి. నడకలో దాహమై వాగునీళ్లే గతి అయితే ఒక నిమిషం తెర్లించి చల్లార్చుకోండి. మారేడుమిల్లిలోనూ ఇదే మాట వర్తిస్తుందండీ.

అన్నట్టు, మీకు నడక అలవాటుంటే కాస్బీ పిక్నిక్ ఏరియా దగ్గర్నుంచి హెన్ వాలో జలపాతానికి దారి ఉంది. పోనూ రానూ 4.4 మైళ్లు, అంటే ఏడు కిలోమీటర్లు. పైన రెండడుగుల వెడల్పున మొదలైన ధార కిందికొచ్చేసరికి ఇరవై అడుగులకు విచ్చుకుంటుంది. ఎక్కుడు ఉంటుంది, తొందరపడకండి.

ప్రశ్న: ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోయే మిణుగురులు స్మోకీల్లో ఎక్కడ? – గ్రీన్‌విల్ పాఠకురాలు

జవాబు: ఎల్క్‌మాంట్‌లో, మే చివర, జూన్ మొదట్లో. గుంపు మొత్తం కూడబలుక్కున్నట్టు టకటకా మెరిసి, ఒక్కసారిగా చీకటైపోయి, మళ్లీ మొదలెడతాయి. చూడాలంటే కారు పాస్ కోసం లాటరీ వేసుకోవాలి, అది సాధారణంగా ఏప్రిల్ చివర్లో తెరుస్తారు. ఆ రాత్రికి ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌లో సైటు ఉన్నవాళ్లకి లాటరీతో పనిలేదు. కానీ ఆ సైట్లు ఆరు నెలల ముందు తెరవగానే అయిపోతాయి, కాబట్టి వచ్చే ఏడాదికి నవంబర్ చివర్లోనే కాచుకుని కూర్చోండి. వెళ్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి నేలవైపే పట్టుకోండి, ఫోన్ జేబులోంచి తీయకండి. వీడియోలో ఎలాగూ రావు.