స్నేహితుడిని చూసి మారారా, ముందునుంచీ ఒకే ఇష్టమా? తేల్చడం ఎలా?

మీ ప్రశ్న ఇది: ఫేస్‌బుక్‌లో ఒకరు ఏదైనా మొదలుపెడితే వాళ్ల స్నేహితులూ అదే చేస్తున్నారు, ఇది ప్రభావమేనా? ఆ ఒక్క సంగతి చూసి చెప్పలేం. నేను పనిచేసిన పాటల యాప్ కంపెనీలో మేం అలాగే చెప్పేసి నష్టపోయాం.

ఒకరు డబ్బు కట్టి సభ్యత్వం తీసుకుంటే వాళ్ల స్నేహితులూ తీసుకుంటున్నారని డేటాలో కనపడింది. అది నమ్మి రిఫరల్ ఆఫర్ మీద బాగా ఖర్చుపెట్టాం. ఫలితం రాలేదు. అప్పుడు ఒక్కో జంట వివరాలూ తీసి చూడటం మొదలుపెట్టాను. ఇద్దరు కుర్రాళ్లు ఒకే రాత్రి అరగంట తేడాతో చేరారు. మొదటివాడిని చూసే రెండోవాడు చేరాడని మా లెక్క. తీరా చూస్తే ఇద్దరూ ఏడాదిగా ఎనభైల నాటి పాటలే వింటున్నారు. ఆ పాటల జాబితాను డబ్బు కట్టిన సభ్యులకే పరిమితం చేసింది మేమే, అదే రోజు సాయంత్రం!

పరిశోధకుడు సినాన్ ఆరల్, ఆయన సహచరులు యాహూలో 2.74 కోట్ల మంది డేటాతో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనం చదివాక నాకు దారి దొరికింది. అన్ని విధాలా ఒకేలా ఉన్న ఇద్దరిని తీసుకోవాలి. ఒకరి స్నేహితుడు ముందే చేరి ఉండాలి, రెండోవారికి అలాంటి స్నేహితుడు ఉండకూడదు. అలా జతకట్టి పోలిస్తే, పాత పద్ధతులు ప్రభావాన్ని 300 నుంచి 700 శాతం దాకా ఎక్కువ చేసి చూపిస్తున్నాయని తేలింది.

అయితే ఇద్దరి మధ్య ఉన్న పోలిక మీ డేటాలో నమోదు కాకపోతే ఈ పద్ధతి దాన్ని పట్టుకోలేదు. అందుకే వీలుంటే ప్రయోగం చేయండి. ఫేస్‌బుక్ పరిశోధకులు 25.3 కోట్ల మంది మీద ఇదే చేశారు, 2012లో ప్రచురించారు. స్నేహితులు పంచుకున్న కొన్ని లింకులను లాటరీ పద్ధతిలో కొందరి ఫీడ్‌లో దాచేశారు. దాచినా వాటిని సొంతంగా వెతికి పంచుకున్నవాళ్లున్నారు, అది ఉమ్మడి ఇష్టం. చూసినవాళ్లు మాత్రం అంతకంటే చాలా ఎక్కువగా పంచుకున్నారు. కాబట్టి ప్రభావం అబద్ధమేమీ కాదు, దాన్ని విడిగా కొలవాలంతే.

ప్రయోగం మీ చేతిలో లేకపోతే, ఆ ఇద్దరూ స్నేహితులైన తేదీ సంపాదించండి. ఇష్టాలు అంతకుముందే కలిసి ఉంటే ఆ జంటను ప్రభావం లెక్కలో వేయకండి.