గంట రేటు చూసి విమానం ఎక్కొద్దు

తమ్ముడూ, పైలట్ శిక్షణకు కెనడా రావాలనుకుంటూ నువ్వు పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా వీసా గురించి, ఒకటి చలి గురించి, చివర్లో ఒక్క ముక్క డబ్బు గురించి. నేనైతే తలకిందులుగా అడిగేవాణ్ణి.

స్టడీ పర్మిట్ రూల్స్ కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, కన్సల్టెన్సీ వాళ్ల మాట పక్కనపెట్టి అక్కడే చదువుకో. జీవన ఖర్చులకు చూపించాల్సిన డబ్బు ఒక్కటే 2024 జనవరిలో 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కి పెరిగింది, ఆ తర్వాతా పెంచారు. చలికి మంచి కోటు కొనుక్కుంటే చాలు. దాని గురించి భయపడేవాళ్లంతా ఇండియాలోనే ఉన్నారు.

ఇక డబ్బు. నీకు స్కూలు వాళ్లు పంపిన కొటేషన్‌లో ప్రైవేట్ లైసెన్సుకు (సరదాకి నడిపేందుకు) 45 గంటలు, కమర్షియల్‌కు (జీతానికి నడిపేందుకు) మొత్తం 200 గంటలు అని ఉంటుంది. అవి ఇక్కడి విమానయాన రూల్స్ పెట్టే ట్రాన్స్‌పోర్ట్ కెనడా చెప్పిన కనీస గంటలు. ప్రైవేట్ లైసెన్సు 45 గంటల్లో ముగించినవాడు నాకైతే ఇంతవరకు తగల్లేదు, అరవై దాటడం మామూలే. మేం కూడా ఆ కనీస గంటలనే రేటుతో గుణించి బ్యాంకుకు వెళ్లాం. మేనమామ హామీ సంతకం పెట్టాడు. ఆ లెక్కలో వాన లేదు.

నేను వాంకూవర్ వైపు చేరాను. మంచు తక్కువ, సర్రేలో మన సరుకులు దొరుకుతాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. దిగింది సెప్టెంబరులో. నవంబరు వచ్చేసరికి ఫ్రేజర్ లోయ మీద మబ్బు కిందికి దిగి కూర్చుంది. చూపు మీద ఆధారపడి నేర్చుకునే పిల్ల పైలట్‌ను ఆ మబ్బులోకి ఎవరూ పంపరు. పొద్దున్నే రెండు బస్సులు మారి ఎయిర్‌పోర్టుకు వెళ్లడం, బోర్డు మీద నా పేరు కొట్టేసి ఉండటం, మళ్లీ ఇంటికి రావడం. రాత్రి నాన్న ఫోన్ చేసి "ఇవాళ ఎగిరావా?" అనేవాడు. వాన పడుతోంది నాన్నా అంటే "పెద్ద విమానాలు ఆగట్లేదుగా!" అనేవాడు. ఆయన తప్పేముంది, వడ్డీ కడుతున్నది ఆయన.

ఎగరని రోజు కూడా అద్దె, తిండి, వడ్డీ ఆగవు. అది సగం నష్టమే. రెండు వారాలు విమానం ముట్టుకోకపోతే చెయ్యి మరిచిపోతుంది. తెరిపి ఇచ్చాక వెళ్తే ల్యాండింగ్ మళ్లీ మొదటికి వచ్చేది, ఇన్‌స్ట్రక్టర్ పాత పాఠమే మళ్లీ చెప్పేవాడు, బిల్లు మాత్రం కొత్తగా వచ్చేది. నేర్చుకునేవాళ్లు నడిపే చిన్న విమానం సెస్నా 172 అద్దె, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కలిపితే ఇప్పుడు చాలాచోట్ల గంటకు 250 డాలర్లు దాటుతోంది. పైగా ఇంజిన్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచే లెక్క. రన్‌వే ముందు వరసలో ఆగి ఉన్నా, ట్రాఫిక్‌లో ఆటో మీటరులా అది తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో తెలివి తక్కువ పని కూడా చేశాను. ఒకేసారి కడితే కొంత తగ్గిస్తామన్నారని పెద్ద మొత్తం ముందే కట్టేశాను. ఆ స్కూల్లో విద్యార్థులు ఎక్కువ, విమానాలు తక్కువ, వాటిలో ఒకటి ఎప్పుడూ షెడ్డులోనే. వేరే స్కూలుకు పోదామంటే డబ్బు వాళ్ల దగ్గర ఇరుక్కుంది. తిరిగి రాబట్టుకోవడానికి నేను రాసిన మెయిళ్లతో నా ఇంగ్లిష్ మాత్రం బాగుపడింది. నువ్వు కొద్దికొద్దిగానే కట్టు, మిగిలింది నీ అకౌంట్‌లోనే ఉంచు.

అందుకే నన్నడిగితే అల్బర్టా, సస్కాచువాన్ వైపు చూడు. చలి ఎముకలు కొరుకుతుంది, గాలి కూడా ఎక్కువే (లెత్‌బ్రిడ్జ్‌లో గాలి సంగతి అక్కడివాళ్లే జోకులేసుకుంటారు), కానీ ఆకాశం తెరిచి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మొదలయ్యే బ్యాచ్ పట్టుకో, ఎండాకాలం పొడవైన పగళ్లు కలిసొస్తాయి. వచ్చేముందే పైలట్ మెడికల్ పరీక్ష సంగతి తేల్చుకో, రంగుల చూపులో తేడా ఉంటే పొలం తాకట్టు పెట్టకముందే తెలియాలి. ఇక్కడికి వచ్చాక కాక్‌పిట్ పోస్టర్ గోడకు అంటించి, కుర్చీలో కూర్చుని చెక్‌లిస్ట్ బయటికి చదువుతూ చేతులతో స్విచ్‌లు వేస్తున్నట్టు ప్రాక్టీస్ చెయ్యి. రూమ్‌మేట్లు నవ్వుతారు. నవ్వనీ. అది ఉచితం.

ఉద్యోగం గురించి "లైసెన్స్ రాగానే ఎయిర్‌లైన్స్‌లో చేరొచ్చా" అని అడిగావు. చేరలేవు. 200 గంటలవాణ్ణి ఇక్కడ పెద్ద కంపెనీలు చూడవు. ఎయిర్‌లైన్ కెప్టెన్‌కు కావాల్సిన లైసెన్సు ఏటీపీఎల్‌కు 1,500 గంటలు కావాలి. ఈలోగా దారులు రెండు. ఒకటి, ఇంకా డబ్బు పెట్టి క్లాస్ 4 ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ (పాఠాలు చెప్పేందుకు తొలి మెట్టు అర్హత) తీసుకుని నీలాంటి వాళ్లకు నేర్పడం. చాలాచోట్ల జీతం ఎగిరిన గంటకే, అంటే వాన అప్పుడూ నీ జేబే కొడుతుంది. రెండోది, థాంప్సన్, యెల్లోనైఫ్ లాంటి ఉత్తరాది ఊళ్లలో ముందు ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, సామాన్లు ఎక్కించి, కంపెనీ వాళ్లకు నమ్మకం కుదిరాక కుడి సీటు, అంటే కో-పైలట్ సీటు సంపాదించడం. నేను మొదటి దారిలో వచ్చాను, ఇప్పుడు ఎడమ సీట్లో, కెప్టెన్‌గా కూర్చుంటున్నాను. మధ్యలో ఎన్ని నెలలు అన్నం, ఆవకాయతో సరిపెట్టానో ఇంట్లో ఇప్పటికీ తెలియదు. ఆ ఏడాదీ రెండేళ్ల ఖర్చు నీ బడ్జెట్‌లో రాసుకున్నావా? ఎవరూ రాసుకోరు. చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్ విషయంలో ఫ్లైట్ ట్రైనింగ్‌కు వేరే షరతులున్నాయి, ఐఆర్‌సీసీ సైట్‌లో ఆ పేజీ కూడా చూసుకో. ఇండియాకే తిరిగి వెళ్లాలనుకుంటే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు ఎలాగూ తప్పవు, వీలైతే బయల్దేరకముందే రాసెయ్యి.

కొటేషన్‌లో ఫ్లైట్ టెస్ట్ ఫీజు, ఆ రోజు విమానం అద్దె, గ్రౌండ్ బ్రీఫింగ్ (ఎగిరేముందు నేల మీద చెప్పే పాఠం), హెడ్‌సెట్ ఉన్నాయో లేదో చూడు. ఉండవు. మెయిల్ పెట్టి ఒక్కొక్కటి అడుగు. వచ్చిన మొత్తం మీద ముప్పై శాతం కలిపి, అప్పుడు మీ నాన్నగారికి చూపించు.