కొన్బినీలో అంత రాత్రి పనేంటి?

ప్రశ్న: మా అమ్మాయి ఒసాకాలో చదువుకుంటోంది. ఎప్పుడు ఫోన్ చేసినా ‘కొన్బినీలో ఉన్నానమ్మా’ అంటుంది, రాత్రి పదకొండింటికి కూడా. కరెంటు బిల్లూ అక్కడే కట్టిందట. అంతసేపు కొట్లో పనేంటి? మేం శాకాహారులం, వంట మానేసి అక్కడే ఏదో ఒకటి తినేస్తోందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తణుకు

జవాబు: కొన్బినీ అంటే జపాన్‌లో నిత్యావసరాలన్నీ దొరికే చిన్న కొట్టు. రాత్రిపూట అక్కడ ఉందని భయపడకండమ్మా. ఆ వేళప్పుడు వీధిలో వెలుతురూ, మనుషులూ ఉండే చోటు అదే. 1974లో టోక్యోలోని తొయోసులో సెవెన్ ఇలెవెన్ అనే కంపెనీ పేరుతో జపాన్‌లో దాని మొదటి కొట్టు తెరిచారు, ఇప్పుడు అన్ని కంపెనీలవీ కలిపి దేశంలో 55 వేలకు పైనే ఉన్నాయి, చాలావరకు 24 గంటలూ తెరిచే ఉంటాయి. మన కిరాణా కొట్టు, మీసేవ, ఏటీఎం, కొరియర్ ఆఫీసు ఒకే గదిలో పెట్టినట్టనుకోండి. బార్‌కోడ్ ఉన్న కరెంటు, గ్యాస్ బిల్లు కౌంటర్లో ఇచ్చి డబ్బు కడితే ముద్ర వేసి రసీదు ఇస్తారు. పార్సిల్ పంపడం, జిరాక్స్, టికెట్లు అన్నీ అక్కడే.

కష్టకాలంలో వాటి విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2018 సెప్టెంబరులో భూకంపం వచ్చి హొక్కైడో దీవంతా చీకటైపోతే, అక్కడి సెయికోమార్ట్ అనే కొన్బినీ కంపెనీ కొట్ల వాళ్లు కార్ల నుంచి కరెంటు తీసుకుని బిల్లింగ్ నడిపారు, గ్యాస్ ఉన్నచోట అన్నం వండి ముద్దలు చేసి అమ్మారు. నాకు వాళ్లంటే చాలా గౌరవం.

ఇక తిండి. ఈ విషయంలో మాత్రం మీ దిగులు నిజమే. ఒనిగిరి అనే అన్నం ముద్దల్లో ఉత్త ఉప్పు వేసినదీ, ఉమెబొషి అనే పుల్లటి ఊరగాయ పండు పెట్టినదీ మనకు పనికొచ్చేలా కనిపిస్తాయి గానీ, అక్కడ చేప రసం చాలా వంటల్లో కలుస్తుంది, చూడ్డానికి కూరగాయలే ఉన్నా సరే. పొట్లం వెనకున్న చీటీని ఫోన్ కెమెరాతో అనువదించుకుని చూశాకే కొనమనండి. రోజూ తింటే ఖర్చు కూడా ఎక్కువే, బియ్యం, కూరలు సూపర్‌మార్కెట్లో చవక. ఒక రైస్ కుక్కర్ ఉంటే చాలు.

ఇంకోటి, అక్కడ పార్ట్‌టైమ్ చేస్తోందేమో మెల్లిగా అడగండి. విదేశీ విద్యార్థులు చాలామంది కొన్బినీల్లోనే పనిచేస్తారు, రాత్రి పది దాటితే జీతం కనీసం 25 శాతం ఎక్కువివ్వాలని చట్టం. మనుషులు దొరకడం కష్టమైపోయింది, 2019లో ఒసాకా పక్కనే హిగాషి ఒసాకాలో సెవెన్ ఇలెవెన్ పేరుతో కొట్టు నడిపే ఒక యజమాని ఇక నడపలేనని రాత్రిళ్లు మూసేస్తే కంపెనీతో పెద్ద గొడవే అయింది. అందుకే ఇంకో షిఫ్టు చెయ్యమని అడుగుతుంటారు, పిల్లలు మొహమాటపడి ఒప్పుకుంటారు. పనికి ఇమిగ్రేషన్ అనుమతి ఉండాలి, కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 28 గంటలు మించకూడదు. మించితే వీసా రెన్యువల్ దగ్గర ఇబ్బంది పడుతుంది, ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి.