ఆప్ యాంప్ బుర్రకెక్కట్లేదన్న మేనల్లుడికి

ఒరే చిన్నా,

మొన్న ఫోన్‌లో ఆప్ యాంప్ ఫార్ములాలన్నీ బట్టీ కొట్టేశాను మావయ్యా, లెక్క కొంచెం తిప్పి ఇస్తే మాత్రం చేతులాడట్లేదు అన్నావు కదా, ఫార్ములా ముందు చెప్పేసి సర్క్యూట్ తర్వాత చూపిస్తే ఎవరికైనా అంతేరా. కాసేపు అవన్నీ పక్కన పడేయ్.

ఆప్ యాంప్ అనే ఆ చిప్‌కి తెలిసింది ఒకటే పని, ప్లస్ పిన్నుకీ మైనస్ పిన్నుకీ ఉన్న ఓల్టేజీ తేడాని పట్టుకుని, 741 అనే రకం అయితే సుమారు 2 లక్షల రెట్లు చేసి అవుట్‌పుట్ మీద పడేస్తుంది, ఆ రెట్లనే గెయిన్ అంటారు. అంత గెయిన్ ఊరికే వదిలేస్తే ఒక్క మిల్లీవోల్ట్ తేడాకే అవుట్‌పుట్ వెళ్లి సప్లైకి కొట్టుకుంటుంది. అందుకని అవుట్‌పుట్ నుంచి ఒక రెసిస్టర్ తెచ్చి మైనస్ పిన్నుకి కలుపుతాం, ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే. మన లాకుల దగ్గర లస్కరు ఏం చేస్తాడు? దిగువన నీళ్లు గీతకి తగ్గితే తలుపు ఎత్తుతాడు, ఎక్కువైతే దించుతాడు. ఇదీ అంతే, రెండు పిన్నులూ సమానం అయ్యేదాకా అవుట్‌పుట్‌ని కదుపుతూనే ఉంటుంది. తలుపు మొత్తం ఎత్తేశాక కూడా నీళ్లు చాలకపోతే పాపం లస్కరేం చేస్తాడు, మీ సార్లు శాచురేషన్ అనేది దాన్నే.

చేతిలో గెయిన్ అంత ఉంటే ఇలా ఫీడ్‌బ్యాక్ పెట్టి కావాలని తగ్గించుకోవడం ఏంటని మొదట్లో పెద్దపెద్దోళ్లే నమ్మలేదు. హెరాల్డ్ బ్లాక్ అని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు, 1927లో హడ్సన్ నది మీద ఫెర్రీలో డ్యూటీకి పోతూ చేతిలో ఉన్న న్యూస్ పేపర్ మీదే ఈ ఐడియా రాసేసుకున్నాడు, పేటెంట్ మాత్రం 1937లో గానీ చేతికి రాలేదు. నువ్వేమో సఖినేటిపల్లి పంటు ఎక్కితే ఫోన్‌లోంచి తలెత్తవు.

సరే, ఇప్పుడు బ్రెడ్‌బోర్డ్ తీసి 741 పెట్టు. రెండు 9 ఓల్ట్ బ్యాటరీలు వరసగా కలిపి మధ్య జాయింటుని గ్రౌండ్ అనుకో, పైన ప్లస్ 7వ పిన్నుకి, కింద మైనస్ 4కి, తిరగేశావో చిప్ పోతుంది. 3వ పిన్ను, అంటే ప్లస్ ఇన్‌పుట్, గ్రౌండ్‌కి. పెన్సిల్ సెల్ మైనస్ గ్రౌండ్‌కి పెట్టి ప్లస్ నుంచి 10కే (10 వేల ఓమ్స్) రెసిస్టర్ 2వ పిన్నుకి, అంటే మైనస్ ఇన్‌పుట్‌కి, అవుట్‌పుట్ అయిన 6 నుంచి 2కి 22కే. ఫార్ములా జోలికి వెళ్లకుండా చూడు, 3 సున్నా దగ్గరుంది కాబట్టి 2 కూడా సున్నాకే రావాలి, అంటే 10కే మీద మొత్తం 1.5 ఓల్ట్‌లూ పడ్డాయి, 150 మైక్రో యాంప్స్. ఆ కరెంటు చిప్‌లోకి దూరదు కాబట్టి 22కే లోంచే పోవాలి, అక్కడ 3.3 ఓల్ట్ డ్రాప్, కాబట్టి అవుట్‌పుట్ మైనస్ 3.3. మీటర్ పెట్టి చూస్కో. 2వ పిన్ను మీద ఒకటి రెండు మిల్లీవోల్ట్‌లు కనిపిస్తే కంగారు పడకు, అది ఆఫ్‌సెట్, చిప్ లోపలే ఉండే చిన్న తేడా.

ఇప్పుడు 22కే పీకేసి 100కే పెట్టు. లెక్క ప్రకారం మైనస్ 15 రావాలి, ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏడున్నర, ఎనిమిది దగ్గర ఆగిపోద్ది, అప్పుడు 2వ పిన్ను చూడు, సున్నా బదులు 0.6, 0.7 ఓల్ట్ ఉంటుంది. రిపేర్‌కి ఏ బోర్డు వచ్చినా నేను ముందు చూసేది ఇదేరా, ఫీడ్‌బ్యాక్ మైనస్‌కి వచ్చి కూడా రెండు పిన్నులూ సమానం లేవంటే శాచురేట్ అన్నా అయ్యుండాలి, ఫీడ్‌బ్యాక్ తెగన్నా ఉండాలి, లేదా చిప్పే పోయుండాలి. ఫీడ్‌బ్యాకే లేకుండా, రెండిట్లో ఏది ఎక్కువో చెప్పే కంపారేటర్‌లా వాడినచోట మాత్రం ఈ రూల్ పెట్టకు.

ఇంకోటి, అన్నిటికీ 741 వాడేయకు. రొయ్యల చెరువు పీహెచ్ ప్రోబ్ ఉంది చూడు, దాని లోపలి రెసిస్టెన్స్ 100 మెగా ఓమ్స్ అనుకున్నా 741 ఇన్‌పుట్ లాగే 80 నానో యాంప్స్‌కి 8 ఓల్ట్‌ల తప్పు వస్తుంది, ప్రోబ్ ఇచ్చేదేమో ఒక్కో పీహెచ్‌కి 59 మిల్లీవోల్ట్‌లు! అక్కడ ఇన్‌పుట్‌లో కరెంటు దాదాపు లాగని సీఏ3140 లాంటి ఆప్ యాంప్ పడాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు కాకినాడలో ఒక రెండు పట్రా, ప్రోబ్ నా దగ్గర ఉంది.

మీ మావయ్య