అమ్మ ఇంటికొచ్చేలోపు

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ దీవించి రాయునది,

అమ్మను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేలోపు ఇల్లంతా ఆమెకు వీలుగా మార్పించేస్తున్నావని నీ చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. విని కాసేపు నాకు మాట రాలేదు. తడి తువ్వాలు మంచం మీద పడేసి పోయే పిల్లాడివి, ఇవాళ మేస్త్రీని వెంటబెట్టుకుని గోడలు కొలిపిస్తున్నావు. అంతవరకూ బాగానే ఉంది. ‘అమ్మకు చెప్పకండి, సర్‌ప్రైజ్’ అన్నావట చూడు, నా టెన్షన్ అక్కడ మొదలైంది. ఇదేమన్నా పుట్టినరోజు కానుకా? పడిపోయింది ఆమె ఎడమ చెయ్యి, ఎడమ కాలు. ఏ ఎత్తు అందుతుందో, ఎటు తిరగగలదో నీకూ తెలీదు, మేస్త్రీకీ తెలీదు. రేపే వెళ్ళి అడుగు. వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి కుడిచెయ్యి ఎంతదాకా సాగుతుందో టేపుతో కొలువు. ఫిజియోథెరపిస్టు ఒకసారి ఇంటికొచ్చి చూస్తానంటే మాత్రం వదులుకోకు.

చిన్న పనులు ముందు చెప్పేస్తా. కింద పరిచిన పట్టాలన్నీ తీసేయ్. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు ఉండాలి. గుండ్రటి నాబ్‌లు పీకేసి, కిందికి నొక్కితే తెరుచుకునే హ్యాండిల్స్ పెట్టించు. గడప అర అంగుళం మించకూడదు, దాని అంచు కూడా వాలుగా చెక్కించు. మంచం మీద కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. తలుపుల వెడల్పు ద్వారబంధం నుంచి ద్వారబంధానికి కొలిచి సరిపోయిందనుకోకు. తెరిచిన తలుపు మందం పోగా 32 అంగుళాలు మిగలాలి.

ర్యాంప్ దగ్గర మేస్త్రీ మాట వినకు. 1 అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు, అంతే. మీ ముందు మెట్లు మూడూ కలిపి 18 అంగుళాలు ఉంటాయి కాబట్టి ర్యాంప్ 18 అడుగులు కావాలి. ‘ఎందుకు బాబూ అంత, ఆరడుగుల్లో దింపేస్తా’ అంటాడు. ఆ ఆరడుగుల ర్యాంప్ మీద కుర్చీ పైకి తొయ్యాలంటే నీ వల్ల కూడా కాదు, దిగేటప్పుడైతే కుర్చీయే నిన్ను లాక్కుపోతుంది. చోటు చాలకపోతే మలుపు తిప్పించు. మలుపు దగ్గర, పైన తలుపు ముందు ఐదేసి అడుగులు చదునుగా ఉంచు. లేకపోతే తలుపు తీసేలోపు కుర్చీ వెనక్కి జారుతుంది.

ఇక బాత్రూమ్. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం.

తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యాక మీ పెదనాన్నకు ఒకటే పంతం, ఇల్లు ఆస్పత్రిలా కనపడకూడదని. గోడకు రాడ్లు బిగిద్దామంటే ససేమిరా అన్నారు. ‘టవల్ రాడ్ ఉందిగా, అది పట్టుకుంటా’ అన్నారు. టవల్ రాడ్ తువ్వాలు బరువు మోయడానికి చేసింది, మనిషి బరువుకు కాదు. దానికుండేది రెండు చిన్న స్క్రూలు, రెండు ప్లాస్టిక్ ప్లగ్గులు. ఓ ఉదయం కమోడ్ మీంచి లేస్తూ దాన్ని పట్టుకున్నారు. స్క్రూలు, టైల్ ముక్క, రాడ్డు అన్నీ చేతిలోకొచ్చాయి. ఆయన వెళ్ళి తలుపుకి అడ్డంగా పడ్డారు.

ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. గడియ వేసుకోలేదు, అయినా ఏం లాభం? నేను తోస్తే వేలు దూరేంత సందొచ్చింది. అందులోంచి ఆయన చొక్కా చెయ్యి కనపడుతోంది. ‘తొయ్యకే, భుజం నలుగుతోంది’ అంటారు. జరగమంటే జరగలేరు. బందులు లోపలివైపే ఉన్నాయి, ఊడదీద్దామన్నా కుదరదు. పక్కింటి కుర్రాడు వెంటిలేటర్ అద్దం పగలగొట్టాడు గానీ ఆ కంతలో పిల్లాడు కూడా పట్టడు. చివరికి వడ్రంగి వచ్చి తలుపు పైసగం రంపంతో కోశాడు. రంపపు పొట్టంతా ఆయన మీదే రాలుతోంది. ‘నెమ్మదిగా కొయ్యి నాయనా, మంచి టేకు’ అన్నారు లోపల్నుంచి. బయట నా గుండె ఆగిపోతుంటే ఆయనకు టేకు గోల! ఎముకలేవీ విరగలేదు. ఆ పంతం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కోపమొస్తుంది, ఆయన లేకపోయినా సరే. తర్వాత అదే వడ్రంగి ద్వారబంధం తిప్పి, తలుపు బయటికి తెరుచుకునేలా బిగించాడు. ఏమంత పెద్ద పని కాదు చిన్నా.

కాబట్టి మీ తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి. గడియ బయట నుంచి నాణెంతో తిప్పితే వచ్చేది పెట్టించు. రాడ్లు నేలకు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, గోడకూ రాడ్డుకూ మధ్య అంగుళంన్నర సందుతో ఉండాలి. స్క్రూలు టైల్‌లో కాదు, వెనకున్న ఇటుకలో దిగాలి. బిగించాక నువ్వే దాన్ని పట్టుకుని నీ బరువంతా వేలాడేసి చూడు. గాలితో అతుక్కునే రకం కొనుక్కొచ్చావో, ఊరుకోను.

రాడ్డు ఎటుపక్కో ఆలోచించావా? మీ బాత్రూమ్‌లో కమోడ్ మీద కూర్చుంటే గోడ ఎడమ పక్కొస్తుందని నాకు గుర్తు. మేస్త్రీ గోడ ఉన్నచోటే బిగిస్తాడు, అమ్మకు పట్టున్న చెయ్యేమో కుడిది. వెనక గోడకు బిగించి కిందికి దించుకునే మడత రాడ్డు దొరుకుతుంది, కుడివైపుకి అది పెట్టించు. మెట్లకైతే రెండు పక్కలా రెయిలింగ్ ఉండాలి. ఎక్కేటప్పుడు కుడిచేతికి అందింది, దిగేటప్పుడు పనిచేయని చేతివైపు వస్తుంది మరి. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తు. ఎడమవైపు ఆమెకు వేడి సరిగ్గా తెలియకపోవచ్చు, గీజర్ 49 డిగ్రీలు దాటనివ్వకు. నీళ్ళు ముందు కుడిచేత్తోనే చూసుకోమను.

డబ్బు చాలకపోతే ర్యాంప్ ఆగనీ. నలుగురు పట్టి కుర్చీని మెట్లు దింపగలరు, బాత్రూమ్‌కి మాత్రం అర్ధరాత్రి ఎవర్నీ పిలవదు మీ అమ్మ. చిన్నప్పటి నుంచీ అంతే, జ్వరంలో కూడా మంచినీళ్ళు అడిగేది కాదు, గోడ పట్టుకుని తనే లేచి వెళ్ళేది. అందుకే బాత్రూమ్‌లో బెల్లు పెట్టించు, దాని తాడు నేల దాకా వేలాడాలి. పడ్డ మనిషికి నేలే అందుతుంది. తుడిచేటప్పుడు అడ్డమని ఎవరో పైకి ముడేస్తారు, వెళ్ళినప్పుడల్లా విప్పు.

ఫొటోలు పంపు. టైల్స్ అతికించక ముందే పంపు, అతికించాకైతే తిట్టడం తప్ప నేను చేసేదేం ఉండదు.

మీ పెద్దమ్మ