విదేశానికి కాపురం మారుస్తున్నాం, ఏ సామాను వెంట తీసుకెళ్లాలి?

ప్రశ్న: మా వారికి విదేశంలో మూడేళ్ల ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత పొడిగించే అవకాశం కూడా ఉందంటున్నారు. పన్నెండేళ్లుగా ఒక్కొక్కటిగా కూర్చుకున్న సామాను ఇంటి నిండా ఉంది: టేకు మంచాలు, ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల, పెద్ద సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మా నాన్నమ్మ వాడిన చెక్క పెట్టె. ఇరవై అడుగుల కంటెయినర్ ఖర్చు కంపెనీ భరిస్తుంది కాబట్టి అన్నీ తీసుకెళ్దామని మా వారు అంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. ఏవి తీసుకెళ్లాలి, ఏవి వదిలేయాలి?

జవాబు: మీ జంకు సరైనదేనండి. కంపెనీ భరిస్తున్నది వెళ్లేటప్పటి రవాణా ఖర్చే అయితే, తిరిగి వచ్చేటప్పుడు ఆ భారం ఎవరిదో ముందుగా రాతపూర్వకంగా తేల్చుకోండి. మూడేళ్లకే వెనక్కి రావలసి వస్తే ఈ ప్రశ్నలన్నీ మళ్లీ ఎదురవుతాయి, అప్పుడు డబ్బు మీ జేబులోంచి పోవచ్చు. ఇక వస్తువుల సంగతికి వస్తే, ఒక వస్తువును ఎంత పెట్టి కొన్నామన్నది ఇక్కడ లెక్కలోకి రాకూడదు. దాన్ని ఇక్కడ అమ్మితే ఎంత వస్తుంది, అలాంటిదే అక్కడ కొనాలంటే ఎంతవుతుంది, అసలు అది ఆ ఇంట్లో పడుతుందా, పనిచేస్తుందా అన్నవే చూడవలసినవి.

ఇరవై అడుగుల కంటెయినర్ లోపల సుమారు 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, 2.39 మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే దాదాపు 33 ఘనపు మీటర్ల చోటు, కానీ సామాను మధ్య సందులు తప్పవు కాబట్టి అంతా వాడుకోలేరు. అందుకే ప్రతి పెద్ద వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, గుణించి, పేరు పక్కన రాయండి. ఆ జాబితా చూస్తే మీ సోఫా ఒక్కటే ఎన్ని పెట్టెల పుస్తకాల చోటు తింటోందో తెలుస్తుంది.

సోఫా గురించి నా అనుభవం చెబుతాను. మేము కాపురం మార్చినప్పుడు ఎంతో ఇష్టపడి చేయించుకున్న మూడు సీట్ల సోఫాను సముద్రం దాటించాం. అక్కడ మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది. రెండో మలుపులో మెట్లు ఇరుకైపోయాయి. దాన్ని నిలబెట్టి తిప్పబోతే పైకప్పు తగిలింది, పడుకోబెడితే కటకటాలకు రాసుకుని ఒక మూల గుడ్డ చిరిగి లోపలి దూది బయటపడింది. చివరికి కింది అంతస్తులోని వారికి దాన్ని ఇచ్చేసి, ఖాళీ గదిలో నేల మీద కూర్చుని బాధపడ్డాం. కొలతలు ముందే తెప్పించుకుని ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు. మీరు ఇంటి యజమానిని అడిగి గుమ్మాల వెడల్పు, నడవా వెడల్పు, లిఫ్టు లోపలి ఎత్తు, మెట్ల మలుపు కొలతలు తెప్పించుకోండి. సోఫాకు పొడవు, ఎత్తు ఒక్కటే కొలిస్తే సరిపోదు. వీపు ఆనే పై అంచు నుంచి చెయ్యి పెట్టుకునే భాగం ముందు అంచు వరకు ఒక కర్ర ఆనించి, వెనక కింది మూల నుంచి ఆ కర్ర దాకా లంబంగా కొలవండి. సోఫాను వాల్చి పట్టుకున్నప్పుడు గుమ్మం దాటవలసిన కొలత అదే.

టేకు సామాను విషయంలో వాతావరణాన్ని ఆలోచించాలి. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని, మళ్లీ వదిలేస్తూ ఉంటుంది. పొడవులో పెద్దగా మారదు కానీ వెడల్పులో ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. చలి దేశాల్లో శీతాకాలమంతా హీటర్లు నడిచే ఇళ్లలో గాలి బాగా పొడిబారుతుంది కాబట్టి వెడల్పైన గట్టి పలకల బల్లలు నెరియలు విచ్చుకోవడం, కీళ్లు వదులవడం మామూలే. అందువల్ల మరలు విప్పి విడదీయగల మంచాలను తీసుకెళ్లవచ్చు, ఒకే పలకగా అతికిన పెద్ద బల్లను మాత్రం నేనైతే వదిలేస్తాను. పొట్టు నొక్కి చేసిన పార్టికల్ బోర్డు బీరువాలు ఉంటే అసలు కదిలించకండి, ఒకసారి విప్పితే మర మళ్లీ గట్టిగా పట్టదు. మంచంతో పాటు పరుపు, దాని మీద పరిచే దుప్పట్లు కూడా వెళ్లాలి, లేదా మూడూ ఇక్కడే ఉండాలి, ఎందుకంటే పరుపు కొలతలు దేశానికో రకంగా ఉంటాయి. బ్రిటన్‌లో కింగ్ అంటే 150×200 సెంటీమీటర్లు, అమెరికాలో క్వీన్ అంటే దాదాపు 152×203.

పుచ్చు పురుగు సంగతి మరచిపోకండి. చెక్క మీద సన్నని రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి కనబడితే ఆ వస్తువును పంపకండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల తనిఖీలో పట్టుబడితే శుద్ధి చేయించే ఖర్చు మీ మీదే పడుతుంది. ప్యాకింగ్‌కు వాడే ముడి చెక్క కూడా అంతర్జాతీయ నియమం ప్రకారం లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలినదో, ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి అయినదో అయి ఉండాలి. దాని మీద ముద్ర ఉందో లేదో చూడండి.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఇక్కడే వదిలేయమనే నా సలహా. చాలా దేశాల్లో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్; అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్; జపాన్‌లో 100 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందో చెప్పే హెర్ట్‌జ్‌ను మార్చదు, దాన్ని నమ్ముకున్న మోటారు తేడాగా తిరుగుతుంది. ఫోన్, లాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటే నిశ్చింతగా తీసుకెళ్లండి.

సుంకం విషయంలో, వాడిన ఇంటి సామానుకు చాలా దేశాలు మినహాయింపు ఇస్తాయి కానీ షరతులు పెడతాయి. ఐరోపా సమాఖ్యలో అవి కనీసం 6 నెలలు వాడినవై ఉండాలి, నివాసం మార్చిన 12 నెలల్లోపు చేరాలి, ఆ తర్వాత 12 నెలలు అనుమతి లేకుండా అమ్మకూడదు. అమెరికాలో ఏడాది వాడినవై ఉండాలి. కాబట్టి ప్రయాణం ముందు కొత్త సామాను కొనకండి.

మీ నాన్నమ్మ పెట్టెను మాత్రం వదలకండి, దానికి బదులుగా అక్కడ కొనగలిగేది ఏదీ లేదు. అయితే అది రోజ్‌వుడ్‌దా కాదా చూడండి. 2017 నుంచి ఆ జాతి మొత్తం, అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం పరిధిలోకి వచ్చింది. దంతపు నగిషీ ఉంటే ఇంకా కఠినం. పత్రాలు ఏవి కావాలో ముందే అధికారుల దగ్గర తెలుసుకోండి. పిల్లల చదువు బల్ల, వాళ్లు రోజూ కప్పుకునే దుప్పట్లు, గోడమీది గడియారం కూడా పెట్టుకోండి. కొత్త ఇంట్లో మొదటి వారాల్లో పిల్లలకు అవే ఊరట. దుప్పట్లు మాత్రం విమానంలో వెంట తీసుకెళ్లండి, ఓడ సామాను చేరడానికి వారాలు పడుతుంది.

ప్రశ్న: ఖర్చు తగ్గుతుందని పెట్టెలు మేమే కట్టుకోవాలనుకుంటున్నాం. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: బట్టలు, పుస్తకాల వరకు కట్టుకోండి, గాజు, పింగాణీ, అద్దాలు ప్యాకర్లకు వదలండి. యజమాని స్వయంగా కట్టిన పెట్టెలో వస్తువు పగిలితే బీమా సంస్థలు సాధారణంగా పరిహారం ఇవ్వవు. ప్రతి పెట్టెకు అంకె వేసి, లోపల ఏమున్నాయో జాబితా రాసి ఉంచండి, కస్టమ్స్ వారికి అదే చూపాలి. ఇంకొక సంగతి: ఓడను కాపాడడానికి కొంత సరుకు సముద్రంలో పడేయవలసి వస్తే, ఆ నష్టంలో సరుకున్న వారందరూ వాటా భరించాలి, మీ పెట్టెలకు ఏమీ కాకపోయినా సరే. ఆ వాటా కట్టే వరకు, లేదా దానికి హామీ ఇచ్చే వరకు సామాను విడుదల చేయరు. మీ పాలసీ దీనికి వర్తిస్తుందో లేదో సంతకం పెట్టే ముందే అడగండి.